ఆరువందల పన్నెండు మాటలు

భాగ్యరేఖ గొంతు రెండోసారి పోయింది ఆదివారం పొద్దున్న, పొయ్యి మీద ఇడ్లీలు ఉడుకుతుండగా. మొదటిసారి రెండేళ్ళ కిందట, రాయపూర్‌లో ఆపరేషను బల్ల మీద పోయింది. కంఠంలో పుట్టిన గడ్డతో పాటు స్వరపేటికను కూడా డాక్టర్లు తీసేశారు. ఊపిరాడడానికి మెడ కింద ఒక రంధ్రం పెట్టి, ప్రాణాన్ని మాత్రం భద్రంగా చేతికిచ్చి ఇంటికి పంపారు. ఇప్పుడు పోయింది ల్యాప్‌టాప్‌లో దాచుకున్న గొంతు.

దాన్ని దాచిన కథ వేరే. ఆపరేషనుకు ముందు పదకొండు రోజుల గడువు దొరికింది. ఆ పదకొండు రోజులూ భిలాయి సెక్టారు క్వార్టర్లో, వెనక గది కిటికీకి పరుపు అడ్డం పెట్టి, భర్త బలరాం ఫోను పట్టుకుని ఆమె ఎదురుగా కూచున్నాడు. ఇక ముందు బతుకులో తనకు అవసరమయ్యే మాటలన్నీ ఆమె ఒక నోట్‌బుక్కులో రాసుకుని, అప్పటికే బొంగురుపోతున్న గొంతుతో ఒక్కొక్కటీ చదివింది. "టీ పెట్టీసినాను, రా." "గేసు కట్టీసినావేటి?" "శ్రుతీ, ఆ ఫోను పక్కన పడీసి తిను." తిట్లు కూడా చేర్చింది. ఏడు రకాల తిట్లు, ఒక్కొక్కటి మూడు స్థాయిల్లో. తిట్లు లేకపోతే ఈ మనిషి నెల్లాళ్ళలో చెడిపోతాడని ఆమె గట్టి నమ్మకం. అన్నీ కలిపి ఆరువందల పన్నెండు.

ఆపరేషను తరవాత ఆస్పత్రివాళ్ళు మెడకు ఆనించి మాట్లాడే మిషను ఒకటి ఇచ్చారు. రెండు రోజులు వాడి, "సిగ్నలు పోయిన రేడియోలాగ ఉంది" అని కాగితం మీద రాసి దాన్ని బీరువాలో పెట్టేసింది. బలరాం భిలాయి ఉక్కు ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియను. మీటర్లతో, వైర్లతో, కంప్యూటర్లతో ముప్పయ్యేళ్ళ కాపురం. వెతికి వెతికి ఇంటర్నెట్టులో ఒక ఉచిత ప్రోగ్రాము పట్టుకున్నాడు. ఏ ఏ దేశాలవాళ్ళో తీరిక చేసుకుని రాసి జనానికి వదిలిన ప్రోగ్రాము అది. తెర మీద బొత్తాలుంటాయి, నొక్కితే మనం దాచిన గొంతు పలుకుతుంది. అంతే. ఆ అంతేతోనే ఆ ఇంట్లో రెండేళ్ళుగా భాగ్యరేఖ కూతుర్ని కేకలేస్తోంది, కూరగాయల బండివాడితో బేరమాడుతోంది, మొగుణ్ణి తిడుతోంది.

ఆదివారం పొద్దున్న ఆ ప్రోగ్రాముకు కొత్త మార్పులు వచ్చాయని తెర మీద కనిపిస్తే బలరాం దించుకున్నాడు. దించుకోవడమే తడవు, అది తెరుచుకోవడం మానేసింది. ఎర్ర అక్షరాల్లో నాలుగు వరసలు చూపించి మూసుకుపోతోంది. భాగ్యరేఖ ఇడ్లీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి అతని ముఖం చూసింది. విషయం అర్థమైపోయింది. పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ ప్రోగ్రాము రాసినవాళ్ళూ వాడేవాళ్ళూ మాట్లాడుకునే చోటు ఒకటి ఇంటర్నెట్టులో ఉంది. బలరాం అక్కడ తన గోడు రాసుకున్నాడు. ఇంగ్లీషు అతనికి భయం లేదు, జర్మనీ మీటర్ల మాన్యువళ్ళు చదివిన మనిషి. అతన్ని చంపింది ఇంగ్లీషు కాదు, దాని పొడి అక్షరాలు.

మొదటి జవాబు అరగంటలో వచ్చింది. మూడే మూడు అక్షరాలు, డబ్ల్యూఎఫ్ఎం. ప్లాంటు బుర్రతో ఆలోచించి, "వెయిట్ ఫర్ మెసేజ్" అయ్యుంటుందని బలరాం నిర్ధారించుకున్నాడు. మర్యాదస్తుడు, మెసేజి కోసం ఆగమన్నాడు కదా అని ఆదివారం సాయంత్రం దాకా, సోమవారం డ్యూటీకి వెళ్ళేదాకా ఆగాడు. పాపం అవతలివాడు చెప్పింది "వర్క్స్ ఫర్ మీ", నా దగ్గర బాగానే పనిచేస్తోంది అని. ఏ మెసేజీ రాలేదు.

రెండోవాడు ఎంఆర్ఈ పెట్టమన్నాడు, అంటే తప్పును మళ్ళీ రప్పించి చూపే చిన్న నమూనా, అది బలరాంకు తెలియదు. మూడోవాడు, "ఓపీ, ముందు ఆర్‌టీఎఫ్ఎం" అన్నాడు. ఓపీ అంటే తనేనని, మొదట ప్రశ్న వేసినవాడికి అక్కడ అదే పేరని రెండు మూడు సంభాషణలు చదివాక బలరాం పట్టుకోగలిగాడు. ఆర్‌టీఎఫ్ఎం మాత్రం అంతు చిక్కలేదు. ఏదో పరీక్ష పేరయ్యుంటుందనుకుని, "థాంక్యూ సర్, చేసి రిపోర్టు ఇస్తాను" అని రాశాడు. దాని కింద ఆరుగురు నవ్వు బొమ్మలు అంటించారు. మాన్యువల్ చదివి చావమని తిట్టినవాడికి థాంక్స్ చెప్పానని అతనికి తెలియదు. నవ్వుతున్నారని మాత్రం తెలిసింది, ఎందుకో తెలియని నవ్వు ముఖాన కొట్టినట్టే ఉంటుంది.

అడగొచ్చు కదా, అయ్యా, ఆ ముక్కకు అర్థమేమిటని? అడగడు. దానికి పాత కారణం ఒకటుంది. చీపురుపల్లి పక్క పల్లెటూరి నుంచి ఇరవై రెండేళ్ళ వయసులో వచ్చి ప్లాంటులో చేరిన మొదటి వారం, పదిహేను మంది ఉన్న మీటింగులో షిఫ్టు ఇన్‌చార్జి పొడి అక్షరాల్లో ఏదో పని చెప్పాడు. బలరాం చెయ్యెత్తి, "సర్, దాని ఫుల్ ఫారమ్ ఏటి సర్?" అన్నాడు. మీటింగు మీటింగంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి తొమ్మిదేళ్ళపాటు అతని పేరు ఫుల్‌ఫారమ్. "ఏ ఫుల్‌ఫారమ్, ఇధర్ ఆ!" అని క్యాంటీనులో పిలిస్తే పలికేవాడు. అప్పటినుంచి అతను ఎవర్నీ దేనికీ అర్థం అడగలేదు. పక్కవాళ్ళను చూసి, సందర్భాన్ని బట్టి పోల్చుకుని, తనూ ఆ పొడి అక్షరాల్లోనే రాయడం నేర్చుకుని నెగ్గుకొచ్చాడు. ఇప్పుడు అతని లాగ్‌బుక్కు చదవాలంటే ప్లాంటులో పుట్టి ఉండాలి.

సోమ, మంగళ, బుధవారాలు గడిచాయి. ఇంట్లో మాట లేదు. భాగ్యరేఖ చిన్న పలక మీద రాస్తోంది, కానీ పలక మీద ఎంతని రాస్తారు? రాయడం మొదలుపెట్టేసరికి ఎదుటివాళ్ళు వేరే పనిలో పడిపోతారు. మంగళవారం పొయ్యి మీద పాలు పొంగుతుంటే, హాల్లో ఉన్న కూతుర్ని పిలవలేక గరిటెతో గోడ బాదింది. బుధవారం నుంచి పలక కూడా తియ్యలేదు. అన్నం వడ్డించి పక్కన కూచుని కిటికీలోంచి చూసేది. రెండేళ్ళ కిందటి ఆపరేషను గది బయట కూచున్నట్టే ఉంది బలరాంకు, ఈసారి కత్తి పట్టుకున్నది తనే.

"ఒక్క రెండు రోజులే రేఖా. నేను తెచ్చీస్తాను కదా, నీ గొంతెక్కడికీ ఎల్లిపోనేదు. లోపలే ఉన్నాది" అన్నాడు బుధవారం రాత్రి భోజనాల దగ్గర. అది నిజమే. ఫైళ్ళు ఆరువందల పన్నెండూ ప్రోగ్రాము ఫోల్డరులో క్షేమంగా ఉన్నాయి. తలుపు మాత్రమే తెరుచుకోవడం లేదు, ఆ బొత్తాలు లేనిదే పొడి అక్షరాల పేర్లున్న అన్ని ఫైళ్ళలో కావలసిన మాటను వెతికి పట్టుకునేలోపు పాలు పొంగిపోతాయి.

గురువారం అతనికి వారపు సెలవు. భాగ్యరేఖను ఆర్నెల్ల పరీక్షకు రాయపూర్ తీసుకెళ్ళాలి. దుర్గ్‌లో బీఎడ్ చదువుతున్న కూతురు శ్రుతి, "మైఁ లే జాతీ హూఁ నాన్నా, నువ్వు అమ్మ బోల్నేవాలా దాన్ని చూడు" అని తల్లిని లోకల్ ట్రైనుకు తీసుకెళ్ళింది. సాయంత్రం వాళ్ళు వచ్చేసరికి ల్యాప్‌టాప్ పలకాలి. గుమ్మంలో అడుగు పెట్టగానే భాగ్యరేఖ చేత ఒక తిట్టు తిట్టించుకోవాలి. బలరాం పెట్టుకున్న ముహూర్తం అది.

పదకొండు గంటలకు దేవుడు కరుణించినట్టు కొత్త జవాబు ఒకటి కనిపించింది. రాసినవాడు టిన్‌బర్డ్ అని పేరు పెట్టుకున్నాడు. ఎక్కడివాడో ఏమో, మంచివాడే. మిగతావాళ్ళలా వెక్కిరించకుండా, పాత ముక్కలూ కొత్త ముక్కలూ కలగాపులగమై ఇలా అవుతుందని చెప్పి, రెండు వరసల ఆదేశం ఇచ్చాడు. ఫోల్డరును శుభ్రం చేసి, మొదటి స్థితికి తెచ్చి, మళ్ళీ నడపమన్నాడు. శుభ్రం చేయడమంటే, ప్రోగ్రాము రాసినవాళ్ళు పంపినవి తప్ప ఆ ఫోల్డరులో ఉన్న తతిమ్మావన్నీ ఊడ్చిపారెయ్యడం. ఆ ముక్క టిన్‌బర్డ్ విడమరిచి చెప్పలేదు. అక్కడ అందరికీ తెలిసిన సంగతి కదా, ఎవడు చెబుతాడు?

బలరాం వెర్రిబాగులవాడేమీ కాదు. శుభ్రం అన్న మాట దగ్గర అతని చెయ్యి ఆగింది. ఇక్కడే మీకు ప్లాంటు పద్ధతి ఒకటి చెప్పాలి. ప్లాంటులో క్లియరెన్సు లేనిదే ఎవడూ ఏ పనీ ముట్టుకోడు. పనిచేసేవాడు తను చెయ్యబోయేది, అక్కడ ఉన్న ప్రమాదం, రెండూ కాగితం మీద రాసి పైవాడికి ఇస్తాడు. పైవాడు ఆ చోటుకు స్వయంగా నడిచి వెళ్ళి, కళ్ళతో చూసి, సంతకం పెడతాడు. ఆ సంతకం పడిందంటే పనివాడి ప్రాణానికి పైవాడు పూచీ. ముప్పయ్యేళ్ళలో ఆ సంతకం లేకుండా బలరాం ఒక్క వాల్వు తిప్పలేదు. అతని పది వేళ్ళూ ఇంకా చేతికే ఉన్నాయంటే ఆ సంతకం చలవే.

అందుకని పద్ధతిగా రాశాడు. తన లాగ్‌బుక్కు భాషలో, పొడి అక్షరాల్లో. "మీ సూచన ప్రకారం పీఎఫ్ క్లీనింగ్ చేపడుతున్నాను. లోపల 612 వీఎఫ్ ఉన్నాయి, మీ సప్లయి కాదు, లోకల్. దయచేసి క్లియరెన్సు ఇవ్వగలరు." పీఎఫ్ అంటే ప్రోగ్రాము ఫోల్డరు. వీఎఫ్ అంటే వాయిస్ ఫైలు. ప్లాంటులో ఏ టెక్నీషియనైనా రెండు క్షణాల్లో పోల్చుకుంటాడు.

నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది. నాలుగు అక్షరాలు, ఎల్‌జీటీఎం. పక్కన పైకెత్తిన బొటనవేలు బొమ్మ.

ఎల్‌జీటీఎం అంటే ఏమిటో బలరాంకు తెలియదు. కానీ అందులో జీ ఉంది, గో అయ్యుంటుంది. బొటనవేలు ఉండనే ఉంది. కాగితం అడిగాడు, సంతకం పడింది. తన డైరీలో "11.20కి క్లియరెన్సు అందింది" అని రాసుకుని, 11.22కి ఆ రెండు వరసలూ కొట్టాడు. పెన్‌డ్రైవు అదే బల్ల సొరుగులో ఉంది. ఫైళ్ళు దాంట్లోకి ఎక్కించడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు ఎందుకు వెచ్చించలేదంటే, క్లియరెన్సు వచ్చాక మళ్ళీ అనుమానపడ్డం పైవాణ్ణి అవమానించడమని అతనికి రక్తంలో ఇంకిపోయింది. మొదట్లో ఇంకో ప్రతి పాత ఫోనులో ఉండేది. ఆ ఫోనును పోయినేడు దసరాకి పాతదిచ్చి కొత్తది తెచ్చుకోవడంలో దుకాణంవాడికి ఇచ్చేశాడు.

ప్రోగ్రాము తెరుచుకుంది! బలరాం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తెర మీద బొత్తాలు కళకళలాడుతున్నాయి. ఒకటి నొక్కితే ఎవరో దొరసాని "హలో" అంది. ఇది వాళ్ళు పంపిన నమూనా, మనవి తరవాత తగిలించుకోవాలి కాబోలు అనుకున్నాడు. ముందు హౌస్‌కీపింగ్ కానిద్దాం. ప్లాంటులో పని పూర్తయ్యాక ఆ చోటును తుడిచి, చెత్త ఎత్తి, నూనె మరక కూడా లేకుండా చేసి అప్పగిస్తేనే పని అయినట్టు. ల్యాప్‌టాప్‌కూ అతను అదే మర్యాద చేస్తాడు. చెరిపేసిన వాటి ఆనవాళ్ళు కూడా మిగలకుండా డిస్కును కడిగే సాధనం ఒకటి పెట్టుకున్నాడు. దాన్ని నడిపించి, టీ పెట్టుకుని, వరండాలో నిలబడి హాయిగా తాగాడు. నాలుగు రోజుల తరవాత తాగిన మొదటి రుచిగల టీ అది.

తిరిగొచ్చి గొంతు ఫోల్డరు కోసం చూశాడు. లేదు. వేరేచోట ఉందేమోనని చూశాడు. లేదు. పేరు పెట్టి వెతికించాడు. సున్నా దొరికాయని చూపించింది. కుర్చీలో కూచుని, అప్పుడు కూడా పద్ధతి తప్పకుండా రాశాడు. "సర్, క్లీనింగ్ తరవాత వీఎఫ్ కనబడుట లేదు. సలహా ఇవ్వగలరు."

"వీఎఫ్ అంటే?" అని అడిగాడు టిన్‌బర్డ్.

"వాయిస్ ఫైల్. నా భార్య గొంతు. ఆమెకు ఇప్పుడు గొంతు లేదు."

టిన్‌బర్డ్ దగ్గర్నుంచి గబగబా వచ్చాయి మాటలు. ఇంకో ప్రతి ఉందా? లేదు. అయితే దేన్నీ ముట్టుకోవద్దు, ల్యాప్‌టాప్‌లో ఒక్క అక్షరం కూడా కొత్తగా రాయొద్దు, చెరిగినవాటిని వెనక్కి తియ్యొచ్చు, భయపడకండి. బలరాం ఆ వరసను మూడుసార్లు చదివాడు. తరవాత తను చేసిన హౌస్‌కీపింగ్ సంగతి రాశాడు. ఏ సాధనమో, ఎంతసేపో కూడా రాశాడు.

ఈసారి టిన్‌బర్డ్ పొడి అక్షరాలేవీ వాడలేదు. "నన్ను క్షమించండి. వీఎఫ్ ఏమిటో నాకు తెలియలేదు. మీ కంపెనీలో ఏవో పనికిరాని ఫైళ్ళనుకున్నాను. అడగాల్సింది. అడిగితే తెలివితక్కువగా ఉంటుందనుకున్నాను" అని పూర్తి వాక్యాల్లో రాశాడు. ప్రపంచంలో ఇంకో మూల ఇంకో ఫుల్‌ఫారమ్ కూచున్నాడని బలరాంకు అప్పుడు తెలిసింది. ఆ తెలివి ఏం చేసుకోను? టిన్‌బర్డ్ చెప్పిన వెలికితీత సాధనాన్ని మూడు గంటలు నడిపాడు. నలభై ఒక్క ఫైళ్ళు బయటికి వచ్చాయి. ఒక్కొక్కటే చెవికి ఆనించుకుని విన్నాడు. నలభై ఒకటిలోనూ ఏమీ లేదు, చివరికి గరగర కూడా లేదు.

అయిదింటికి ఆటో ఆగిన చప్పుడైంది. శ్రుతి ముందు వచ్చింది, చేతిలో రిపోర్టుల కవరు. "సబ్ క్లియర్ నాన్నా! డాక్టరు హ్యాపీ!" అంది. వెనక భాగ్యరేఖ. చెప్పులు విప్పుతూనే ల్యాప్‌టాప్ వైపు చూసింది, వెలుగుతున్న తెర చూసి ముఖం వికసించింది. వచ్చి కుర్చీలో కూచుని బొత్తాం నొక్కింది. దొరసాని "హలో" అంది. ఇంకోటి నొక్కింది. "థాంక్యూ" అంది దొరసాని. భాగ్యరేఖ మొగుడి వైపు తిరిగింది.

"పోనాయి రేఖా" అన్నాడు బలరాం. "అన్నీ పోనాయి. నేనే తుడిసీసినాను. నా సేతుల్తో."

శ్రుతి ల్యాప్‌టాప్ లాక్కుని, ఆ సంభాషణ మొత్తం పైనుంచి కిందికి చదివింది. ఎల్‌జీటీఎం దగ్గర ఆగింది. "నాన్నా, ఇది క్లియరెన్సు కాదు. లుక్స్ గుడ్ టు మీ, చూస్తే బానే ఉన్నట్టుంది అని. పూరా చదవకుండా కూడా బోల్ దేతే హైఁ, అందరూ ఊరికే అంటారు. ఒక్కసారి నన్ను అడగకపోయావా? ఫోన్ చేస్తే అయిపోయేది కదా!" అంటూ ఏడ్చేసింది.

బలరాం భార్యనే చూస్తున్నాడు. తిట్టు రేఖా, తిట్టు, అని లోపల్లోపల మొక్కుకుంటున్నాడు. ఆమె నోరు తెరుచుకుంది, పెదాలు కదిలాయి, దవడ బిగిసింది. ఆ పెదాల మీది తిట్టు ఏదో అతను పోల్చుకున్నాడు. మూడో రకం, పై స్థాయిది. మెడకు కట్టుకున్న తెల్లగుడ్డ ఒక్కసారి ఎగిరి పడింది తప్ప గదిలో ఏమీ వినపడలేదు. తిట్టడానికి కూడా ఆమెకు ఏమీ మిగల్చలేదని అప్పుడు తట్టింది అతనికి. అంతవరకూ రాని ఏడుపు అక్కడ వచ్చింది. భాగ్యరేఖ లేచి వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగింది.

తరవాతి మూడు రోజులు వాళ్ళు ఆమె గొంతు కోసం వెతకని చోటు లేదు. ఊళ్ళోనే క్యాంప్ 2లో ఉన్న ఆమె అన్నగారి ఫోనులో పాత వాయిస్ మెసేజీలుంటాయేమోనని వెళ్ళారు. ఆయన ఫోను నిండిపోయిందని అన్నీ చెరిపేశాడు. శ్రుతి అన్నప్రాశన వీడియో దొరికింది. అందులో బాజాల హోరు మధ్య "ఓలమ్మ, పిల్ల జాగర్త" అని ఒక ఆడగొంతు. ముప్పైసార్లు విన్నారు. అది భాగ్యరేఖ గొంతో, ఆమె వదిన గొంతో తేలలేదు. భాగ్యరేఖను అడిగితే తల అడ్డంగా ఊపింది. తనది కాదనో, తెలియదనో వాళ్ళు మళ్ళీ అడగలేకపోయారు.

సోమవారం టిన్‌బర్డ్ దగ్గర్నుంచి ఒక ఫైలు వచ్చింది. అతను నిద్ర మానేసి ఏదో చేసినట్టున్నాడు. మాటల జాబితా పంపితే కంప్యూటరు గొంతుతో తెలుగులో అన్నీ చేసిస్తానని, నమూనాకి ఒకటి చేశానని రాశాడు. నొక్కితే ఒక వార్తలు చదివే అమ్మాయి, "టీ పెట్టేశాను, రండి" అంది. భాగ్యరేఖ రెండు చెవులూ మూసుకుంది. పలక తీసుకుని, అయిదు రోజుల తరవాత మొదటిసారి రాసింది. "ఎవరిదా గొంతు? నా ఇంట్లో దానికేం పని?" కింద ఇంకో మాట రాసి, వేలు అతని నోటి వైపు చూపించింది. "నువ్వు సెప్పు."

వెనక గది కిటికీకి మళ్ళీ పరుపు అడ్డం పెట్టారు. ఈసారి మైకు ముందు బలరాం, ఎదురుగా భాగ్యరేఖ, చేతిలో ఆమె రాసుకున్న పాత నోట్‌బుక్కు. ఆమె ఒక్కో మాట మీద వేలు పెడుతుంది, అతను చెబుతాడు. తన మాటే అయినా తన యాస కాకపోతే ఆమె ఊరుకోదు. చెయ్యి ఊపి మళ్ళీ చెప్పిస్తుంది. "టీ పెట్టీసినాను, రా." మళ్ళీ. "టీ పెట్టీసినాను, రా." మీసాల మనిషి భార్య మాటలు మాట్లాడుతుంటే తలుపు దగ్గర శ్రుతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తిట్ల దగ్గర అతను ప్రాణం పెట్టి తిట్టాడు. తనను తాను అంత కసిగా తిట్టుకునే అవకాశం ఎందరికి దొరుకుతుంది? "బుద్ధి గడ్డి తిన్నాదేటి నీకు?" అన్నాడు మైకులో, మూడో స్థాయిలో. భాగ్యరేఖ బాగుందన్నట్టు పెన్సిలుతో టిక్కు పెట్టింది.

మూడో పేజీలో ఆమె వేలు ఒక మాట మీద నిలిచింది. "మావా." దాన్నే మూడుసార్లు రాసుకుంది ఆమె. దూరం నుంచి ఒకటి, దగ్గర్నుంచి ఒకటి, కోపంగా ఒకటి. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆమె అతన్ని పిలిచిన పిలుపు అది.

బలరాం మైకు దగ్గరికి వంగాడు.

"ఇది నా వల్ల కాదు రేఖా" అన్నాడు. "నన్ను నేనే ఎలాగ పిల్చుకుంటాను? నువ్వు పిలవకపోతే నేనెవుడికి మావనే?"

ఆమె మైకును తన వైపు లాక్కుని, మెడకు కట్టుకున్న తెల్లగుడ్డ ముడి విప్పింది. ఈ రెండేళ్ళలో ఆ గుడ్డ కింద ఏముందో, ఎలా చప్పుడవుతుందో ఆమె మొగుణ్ణి చూడనివ్వలేదు, విననివ్వలేదు. దగ్గొస్తే గది మారేది. పడుకునేటప్పుడు అటు తిరిగి పడుకునేది. ఇప్పుడు మైకును మెడ దగ్గర పెట్టుకుని, అతని కళ్ళలోకి చూస్తూ, పెదాలతో ఆ మాట అంది. రంధ్రంలోంచి గాలి వచ్చింది. పొడుగ్గా, తడిగా, చివర చిన్న గురకతో. రెండోసారి మెత్తగా, దాదాపు ఏమీ లేనట్టు. మూడోసారి విసురుగా. గుడ్డ మళ్ళీ కట్టుకుని, నోట్‌బుక్కులో మూడు టిక్కులు పెట్టింది.

బలరాం మూడింటినీ దాచాడు. పేర్లు పొడి అక్షరాల్లో కాకుండా పూర్తిగా రాశాడు. సరిగ్గా పడ్డాయో లేదో చూడాలి కదా అని మొదటిది నొక్కాడు. గాలి. రెండోది నొక్కాడు. గాలే. మూడోది, ఆ కోపంది, నొక్కాడు. అది వినపడీ వినపడకముందే, ఇరవై ఆరేళ్ళ అలవాటు, అతని ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"వొస్తన్నానే, వొస్తన్నాను" అన్నాడు, ఆమెకు మూరెడు దూరంలో కూచుని.